వెళ్లని చోటి పేరు చూసి రైలెక్కడం: కొత్త సిటీ సబ్‌వేలో తికమక ఎక్కడ మొదలవుతుంది

కొత్త సిటీలో సబ్‌వే ఎక్కేవాళ్లు బిక్కమొహం వేసుకుని నిలబడే చోటు దాదాపు ఎక్కడైనా ఒకటే. టికెట్ మెషిన్‌ని ఎలాగోలా లొంగదీసుకుంటారు, గేటు దాటేస్తారు, మెట్లు దిగుతారు, అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఎడమ పక్క ఒక బోర్డు, కుడి పక్క ఒక బోర్డు, రెండిటి మీదా అదే లైన్ నంబర్, అదే రంగు, కింద మాత్రం రెండు వేరే వేరే పేర్లు, ఆ రెండిట్లో ఏదీ మనం వెళ్లాల్సిన చోటు కాదు. ఈలోపు కింద రైలొచ్చిన చప్పుడు, వెనకనుంచి పరిగెత్తుకొచ్చే జనం, చేతిలో ఫోను, ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఏదైతే అదైందిలే అని ఎడమకి దిగి ఎక్కేస్తారు, సగం సార్లు అది కరెక్టే అవుతుంది, ఉన్నవి రెండే కదా మరి.

మిగతా సగం సార్లు రెండు స్టేషన్లు పోయాక తెలుస్తుంది.

దీన్ని చాలామంది తమ తెలివితక్కువతనం ఖాతాలో రాసేసుకుంటారు, కొంతమంది ఆ సిటీని తిట్టుకుంటారు. జరిగేదేంటంటే ప్రయాణికుడి మనసులో ఉన్న ప్రశ్న ఒకటి, బోర్డు చెప్పే జవాబు ఇంకోదానికి. "ఫలానా చోటికి వెళ్లాలి, ఎటు?" అని మనిషి అడుగుతున్నాడు. "ఈ రైలు చివరాఖరికి ఇక్కడ ఆగుతుంది" అని బోర్డు అంటోంది. మధ్యలో లెక్క కట్టుకోవాల్సింది మనిషే, అంటే అంతకుముందు ఎప్పుడూ వినని, ఇకముందు కూడా వెళ్లే పని లేని ఒక చివరి స్టేషన్ పేరు పట్టుకుని, అది తను దిగాల్సిన చోటికి అవతల ఉందా ఇవతల ఉందా అని మ్యాప్‌లో వెతుక్కుని, అప్పుడు మెట్లు దిగాలి. అక్కడే ఉండేవాళ్లకి ఇదసలు లెక్కే కాదు, ఏళ్ల తరబడి అవే మెట్లు, కాళ్లే తీసుకెళ్తాయి. బోర్డులు పెట్టేది కూడా ఆ ఊరి సంగతి క్షుణ్ణంగా తెలిసినవాళ్లే, అందుకే తెలిసినవాళ్లకి గుర్తుచేసినట్టుగా ఉంటాయి గానీ తెలియనివాళ్లకి చెప్పినట్టుగా ఉండవు.

పారిస్ మెట్రో ఈ పద్ధతికి నిఖార్సైన నమూనా. 1900లో మొదలైన ఆ మెట్రోలో దిక్కు అంటే చివరి స్టేషనే. ఒకటో లైన్‌లో ఒక కొస లా దెఫాన్స్, ఇంకో కొస షాతో ద్ వాన్సెన్, మధ్యలో ఎక్కడికి పోవాలన్నా ఈ రెండు పేర్లలో ఒకదాన్ని పట్టుకునే పోవాలి. ఈ కిటుకు ఒక్కసారి ఎక్కితే హాయిగా ఉంటుంది, నిజంగానే. అయితే దానికీ మెలికలున్నాయి, 13వ లైన్ ఉత్తరం వైపు పోతూ పోతూ లా ఫూర్ష్ స్టేషన్ దగ్గర రెండు కొమ్మలవుతుంది (ఫూర్ష్ అంటేనే పంగ, పేరులోనే చెప్పేశారు), 7వ లైన్ దక్షిణాన మెజోన్ బ్లాన్ష్ దగ్గర అదే పని చేస్తుంది. ప్లాట్‌ఫామ్ ఒకటే, చివరి పేర్లు రెండు, ఇప్పుడొచ్చే రైలు ఏ కొమ్మకి పోతుందో దాని నుదుటి మీద రాసింది చూసి ఎక్కాలి. ఇక ఒకటో లైన్‌లోనే లూవ్ర్ అనే మాట ఉన్న స్టేషన్లు పక్కపక్కన రెండున్నాయి, లూవ్ర్ రివోలి ఒకటి, పాలే రొయాల్ మ్యూజే దు లూవ్ర్ ఇంకోటి. లూవ్ర్ మ్యూజియం గేటుకి దగ్గరది రెండోది, కానీ కొత్తవాళ్ల కన్ను లూవ్ర్‌తో మొదలయ్యే పేరు దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఒక స్టేషన్ తేడాలో దిగి నడుస్తారు. నడక కొంచెమే, పెద్ద నష్టమేం కాదు.

న్యూయార్క్‌లో మాత్రం నష్టం కాస్త గట్టిగానే ఉంటుంది. పారిస్‌లో నేర్చుకున్నది అక్కడ సగమే పనికొస్తుంది, ఎందుకంటే మాన్‌హాటన్‌లో దిక్కు అంటే ముందు అప్‌టౌన్, డౌన్‌టౌన్. డౌన్‌టౌన్ అంటే ఊరి నడిబొడ్డు అని చాలామంది అనుకుంటారు, ఇక్కడ దానర్థం దీవి దక్షిణపు కొస వైపు అని. అప్‌టౌన్ అంటే ఉత్తరం, అదైనా నికార్సైన ఉత్తరమా అంటే కాదు, మాన్‌హాటన్ వీధులన్నీ అసలు ఉత్తరానికి సుమారు 29 డిగ్రీలు పక్కకి తిరిగి ఉంటాయి. చాలా స్టేషన్లలో అప్‌టౌన్ వైపు మెట్లు రోడ్డుకి ఒక పక్క ఉంటే డౌన్‌టౌన్ మెట్లు రోడ్డు అవతల ఉంటాయి, లోపల ఒకదాన్నుంచి ఇంకోదానికి దారుండదు, తప్పు మెట్లు దిగి గేటు దాటేశారంటే మళ్లీ పైకెక్కి, రోడ్డు దాటి, మళ్లీ దిగి, మళ్లీ కార్డు తాకించాల్సిందే.

దానికంటే పెద్ద గొయ్యి ఎక్స్‌ప్రెస్ రైళ్లు. ఒక్క ఉదాహరణ దగ్గరగా చూస్తే మొత్తం అర్థమవుతుంది. 59వ వీధి దగ్గర కొలంబస్ సర్కిల్ స్టేషన్, అప్‌టౌన్ ప్లాట్‌ఫామ్, వెళ్లాల్సింది 81వ వీధిలో ఉన్న నేచురల్ హిస్టరీ మ్యూజియంకి. ప్లాట్‌ఫామ్‌కి ఒక పక్క లోకల్, ఇంకో పక్క ఎక్స్‌ప్రెస్. ఇక్కడ లైన్ల పేర్లు అక్షరాలే, ఎ రైలు, సి రైలు రెండూ నీలం రంగు. బి, డి రెండూ నారింజ. మ్యాప్ మీద రంగు చూసి వచ్చినవాళ్లకి ఎ రైలు వచ్చింది, నీలమే, అప్‌టౌనే, అన్నీ సరిపోయాయి, ఎక్కేశారు. రైలు బయల్దేరి వేగం అందుకుంటుంది, తగ్గదు. కిటికీ అవతల ఒక ప్లాట్‌ఫామ్, దాని మీద నిలబడ్డ మనుషులు, స్తంభాలు, ఒక నంబర్, అన్నీ గీతల్లా సాగిపోతాయి, ఆ నంబర్ 72, తర్వాత వచ్చి పోయేది 81, అదిగో అదే మనం దిగాల్సింది అనుకునేలోపే చీకటి. మధ్యలో ఏడు స్టేషన్లు వదిలేసి 125వ వీధిలో ఆగుతుంది. 81లో ఆగేవి సి, బి రైళ్లు, బి వారాంతాల్లో ఉండదు. ఇంకా తమాషా ఏంటంటే రాత్రి బాగా పొద్దుపోయాక సి రైలు తిరగదు, అప్పుడు ఇదే ఎ రైలు లోకల్ అయిపోయి 81లో బుద్ధిగా ఆగుతుంది. అంటే అక్షరం అదే, రంగు అదే, ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డ మనిషీ అదే, గడియారం మారితే జవాబు మారిపోతుంది. దీన్ని ఒక్క మ్యాప్‌లో చెప్పమంటే ఎవరు మాత్రం ఏం చెప్తారు.

టోక్యోకి వెళ్తే చివరి స్టేషన్ చూసి ఎక్కే పద్ధతికి ఇంకో రకంగా దెబ్బ తగులుతుంది. అక్కడ చాలా సబ్‌వే రైళ్లు తమ లైన్ అయిపోయిన చోట ఆగిపోవు, వేరే ప్రైవేట్ రైల్వే పట్టాల మీదకి ఎక్కి అలాగే ఊరి బయటికి పోతాయి. హన్‌జోమోన్ లైన్ రైలు నుదుటి మీద చూఓ రిన్కాన్ అని ఉంటుంది, ఆ పేరు కోసం సబ్‌వే మ్యాప్ అంతా గాలించినా ఉపయోగం లేదు, అది షిబుయా దాటి ఇంకో కంపెనీ లైన్ చివర ఉన్న స్టేషన్. పైగా సబ్‌వేలు నడిపేవాళ్లే ఇద్దరు, టోక్యో మెట్రోకి 9 లైన్లు, తోయెకి 4 లైన్లు, టికెట్లు వేరు, గేట్లు వేరు.

గుండ్రంగా తిరిగే లైన్లలో అసలు చివరి స్టేషనే ఉండదు, మరి దిక్కు ఎలా చెప్పాలి? సియోల్ 2వ లైన్‌లో లోపలి చుట్టు, బయటి చుట్టు అంటారు. టోక్యోలో నేల మీద తిరిగే యమనోటె లైన్‌లోనూ అవే మాటలు. కానీ సియోల్‌లో లోపలి చుట్టు అంటే గడియారం ముల్లు తిరిగే వైపు, టోక్యోలో అదే లోపలి చుట్టు అంటే దానికి ఎదురు. ఇదేం పంతం కాదు, సియోల్ 2వ లైన్‌లో రైళ్లు కుడి పట్టా మీద నడుస్తాయి, టోక్యోలో ఎడమ పట్టా మీద నడుస్తాయి, ఒక వలయం మీద ముల్లు వైపు తిరుగుతుంటే కుడి పక్కది లోపలిది అవుతుంది, ఎడమ పక్కది బయటిది అవుతుంది, అంతే. కాగితం మీద గీసుకుంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది, ప్లాట్‌ఫామ్ మీద నిలబడి తేల్చుకోవడం మాత్రం కష్టం. లండన్ సర్కిల్ లైన్ కథ ఇంకోటి, పేరులో వలయం ఉంది గానీ 2009 నుంచి అది వలయం కాదు, హ్యామర్‌స్మిత్‌లో మొదలై ఒక చుట్టు తిరిగి ఎడ్జ్‌వేర్ రోడ్ దగ్గర ఆగిపోయే మెలిక. పేరు అలాగే ఉంచేశారు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది, ఎప్పుడూ సబ్‌వే ఎక్కనివాళ్ల కంటే ఒక సిటీలో బాగా అలవాటు పడి ఇంకో సిటీకి వచ్చినవాళ్లే కొన్నిసార్లు ధీమాగా తప్పు చేస్తారు. తెలియనివాడు ఆగి అడుగుతాడు, తెలుసనుకున్నవాడు రంగు చూసి ఎక్కేస్తాడు. లండన్‌లో రంగు అంటే లైన్, న్యూయార్క్‌లో రంగు అంటే మాన్‌హాటన్ మధ్యలో ఏ అవెన్యూ కింద పోతుందో చెప్పే గుర్తు మాత్రమే, లైన్ అంటే అక్షరం లేదా అంకె. లండన్‌లో దిగి బయటికొచ్చేటప్పుడు కూడా కార్డు తాకించాలి, న్యూయార్క్‌లో లోపలికి వెళ్లేటప్పుడు తాకిస్తే చాలు. ఎస్కలేటర్ మీద లండన్‌లో కుడి పక్కకి నిలబడతారు, టోక్యోలో ఎడమ పక్కకి, అదే దేశంలో ఒసాకాలో మళ్లీ కుడి పక్కకి.

బోర్డుల సంగతి సరే, మనిషి బుర్ర కూడా నేల కింద సరిగ్గా పనిచేయడానికి తయారైంది కాదు. దిక్కు తోచడం లేదు అనే మాట తెలుగులో నిస్సహాయతకి వాడేస్తాం గానీ ఇక్కడ అది అక్షరాలా నిజం. మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలో మనం ఉన్న చోటుని బట్టి స్పందించే కణాలుంటాయని జాన్ ఓకీఫ్ 1971లో కనిపెట్టాడు, 2005లో మోజర్ దంపతులు చోట్ల మధ్య దూరాలని గళ్ల కాగితంలా కొలిచే ఇంకో రకం కణాలని కనిపెట్టారు, ముగ్గురికీ కలిపి 2014లో నోబెల్ వచ్చింది. ఈ లోపలి మ్యాప్‌కి బయటి నుంచి సరుకు కావాలి, ఎండ ఎటు నుంచి పడుతోంది, దూరంగా ఎత్తుగా ఏం కనిపిస్తోంది, ఎన్ని అడుగులేశాం, ఎటు తిరిగాం. సొరంగంలో ఎండ లేదు, దూరం అన్నదే లేదు, అడుగులు మనవి కావు రైలువి. తిరగడాన్ని పసిగట్టేది లోపలి చెవిలోని ద్రవం, అది గబుక్కున తిరిగితే పట్టుకుంటుంది గానీ నిదానంగా సాగే పెద్ద మలుపుని కాసేపటికి వదిలేస్తుంది, రైలు మెల్లగా తొంభై డిగ్రీలు తిరిగిపోయినా మన లెక్కలో తిన్నగానే వెళ్తున్నట్టు. కళ్లకి గంతలు కట్టి నాలుగు చుట్లు తిప్పి వదిలే ఆటలో ఏం జరుగుతుందో ఇక్కడా అదే, కాకపోతే గంతలు కట్టిన సంగతి మనకే తెలియదు.

అందుకే చేతిలో మ్యాప్ ఉండాలి అంటారు. ఆ మ్యాప్ కూడా ఒక రకంగా అబద్ధమే, మంచి అబద్ధం. లండన్‌లో హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్, ఎలక్ట్రికల్ సర్క్యూట్ల బొమ్మలు గీసే చెయ్యి, 1931లో సబ్‌వే మ్యాప్‌ని కూడా అలాగే గీశాడు, అడ్డం, నిలువు, నలభై ఐదు డిగ్రీల ఏటవాలు, అంతే, వంకర్లు లేవు, ఇరుకైన మధ్య భాగాన్ని సాగదీశాడు, శివార్లని దగ్గరికి లాగాడు, నేల మీదవాటిలో ఒక్క థేమ్స్ నదిని మాత్రం ఉంచాడు. మొదట వద్దన్నారు, 1933లో అచ్చేసి ఇస్తే జనం ఎగబడ్డారు. అతని లాజిక్ చాలా సూటిగా ఉంది, సొరంగంలో ఉన్నవాడికి పైన ఏముందో అనవసరం, ఏ స్టేషన్ తర్వాత ఏది, ఎక్కడ మారాలి అన్నదే కావాలి. రైల్లో కూర్చున్నంతసేపూ అది కరెక్టే. ఎక్కే ముందు, దిగిన తర్వాత మాత్రం ఆ మ్యాప్ మోసం చేస్తుంది. లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కి దూరం 260 మీటర్లు, మ్యాప్ మీద అది కూడా మిగతా స్టేషన్ల మధ్య దూరం లాగే కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లు లోతుకి దిగి, రైలు కోసం ఆగి, ఒక్క స్టేషన్ ప్రయాణించి, మళ్లీ పైకొస్తారు, ఈలోపు తిన్నగా నడిచినవాడు అక్కడికి చేరి చాలాసేపవుతుంది. 2011లో వచ్చిన ఒక పరిశోధన లండన్ ప్రయాణికులు ఏ దారి ఎంచుకుంటున్నారో చూసి, అసలు పట్టే సమయం కంటే మ్యాప్ మీద కనిపించే పొడవే వాళ్ల నిర్ణయాన్ని దాదాపు రెట్టింపు ప్రభావితం చేస్తోందని తేల్చింది. రోజూ తిరిగేవాళ్లు కూడా ఇందులో ఉన్నారు, అదీ విశేషం.

దీనికి రివర్స్‌లో దెబ్బ తిన్నది న్యూయార్క్. 1972లో మాసిమో విన్యెల్లి అనే డిజైనర్ బెక్ దారిలోనే ఒక అందమైన మ్యాప్ గీశాడు, డిజైన్ వాళ్లు ఇప్పటికీ దాన్ని నెత్తిన పెట్టుకుంటారు, కానీ ఊళ్లో జనం ఒప్పుకోలేదు. పొడుగ్గా ఉండే సెంట్రల్ పార్క్ అందులో చతురస్రంలా, పైగా బూడిద రంగులో ఉంది, నీళ్లు నీలంగా లేవు. లండన్‌లో నేల మీద వీధులు ఎలాగూ వంకరటింకర కాబట్టి మ్యాప్ అబద్ధమాడినా ఎవరికీ పట్టలేదు, మాన్‌హాటన్‌లో ప్రతి వీధికీ నంబరుంది, అబద్ధం వెంటనే దొరికిపోతుంది. 1979లో దాన్ని తీసేసి ఊరి ఆకారం కనిపించే మ్యాప్ పెట్టారు, 2025లో మళ్లీ తిరిగి విన్యెల్లి దారికి దగ్గరగా ఉండే గీతల మ్యాప్ తెచ్చారు. యాభై ఏళ్లయినా ఈ తగువు తెగలేదంటే రెండు పక్షాల్లోనూ విషయం ఉన్నట్టే, రైల్లో ఉన్నవాడికి ఒక మ్యాప్ కావాలి, మెట్లెక్కి బయటికొచ్చినవాడికి ఇంకో మ్యాప్ కావాలి, ఇద్దరూ ఒకే మనిషి.

మ్యాప్ మీద ఇంకో అబద్ధం ఎవరూ పెద్దగా పట్టించుకోరు, లైన్ మారే చోట ఉండే చిన్న గుండ్రటి గుర్తు. గుర్తు ఒకటే, దాని కింద ఉండేది మాత్రం మెట్లు, ఎస్కలేటర్, మలుపు, మళ్లీ మెట్లు, ఎంతకీ తెగని నడవ. పారిస్ మోపర్నాస్ స్టేషన్ నడవలో మనుషుల్ని మోసుకెళ్లడానికి 185 మీటర్ల పొడవున కదిలే నడకదారి పెట్టాల్సొచ్చింది, మ్యాప్ మీద అదంతా ఒక చుక్క. ఇలాంటి నడవలోనే అనుమానం పుడుతుంది. బోర్డు బాణం చూపించింది, తిరిగాం, ఆ తర్వాత యాభై అడుగులు నడిచినా ఇంకో బోర్డు లేదు, ఇదేనా దారి, వెనక్కి పోదామా, ఆగుదామా, ఆగితే వెనకవాళ్లు వచ్చి గుద్దుకుంటారు. బోర్డు ఒక్కసారి దారి చూపిస్తే చాలదు, మధ్యమధ్యలో "ఆ, సరిగ్గానే వస్తున్నావు" అని కూడా చెప్పాలి, మంచి స్టేషన్‌కీ పాడు స్టేషన్‌కీ తేడా చాలావరకు ఇక్కడే ఉంది.

పేర్లు కూడా తక్కువ తిప్పలు పెట్టవు. లండన్‌లో ఎడ్జ్‌వేర్ రోడ్ అనే పేరుతో రెండు స్టేషన్లున్నాయి, ఒకటి బేకర్లూ లైన్‌ది, ఇంకోటి సర్కిల్ లైన్ ఆగేది, రెండిటికీ లోపల్నుంచి సంబంధం లేదు, బయటికొచ్చి నడవాలి. మాస్కోలో అర్బాత్‌స్కాయా రెండు, స్మొలెన్‌స్కాయా రెండు, ముదురు నీలం లైన్‌లో ఒక జత, లేత నీలం లైన్‌లో ఒక జత. న్యూయార్క్‌లో 23వ వీధి అనే పేరుతో ఏకంగా ఐదు స్టేషన్లున్నాయి, ఒక్కో అవెన్యూ కింద ఒక్కోటి, ఎందుకంటే ఆ సబ్‌వేని మొదట ఒకరు కట్టలేదు, పోటీపడిన వేర్వేరు సంస్థలు కట్టాయి, 1940లో గానీ అన్నీ ఒక గొడుగు కిందకి రాలేదు, ఎవరి లైన్‌కి వాళ్లు వీధి పేరే పెట్టుకున్నారు. ఒసాకాలో దీనికి తిరగేసిన సమస్య, ఉమెదా, నిషి ఉమెదా, హిగాషి ఉమెదా, ఒసాకా, ఇన్ని పేర్లూ నడిచి మారగలిగేంత దగ్గర్లో ఉన్న స్టేషన్లవే. ఒక పేరు రెండు చోట్లు కావొచ్చు, నాలుగు పేర్లు దాదాపు ఒకే చోటు కావొచ్చు, బయటివాడికి ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు.

మరి అడిగితే పోలా అంటే, అడగొచ్చు, అడగాలి కూడా. కాకపోతే రోజూ తిరిగేవాళ్లలో చాలామంది దారి చెప్పలేరు. వాళ్లకి తెలిసింది కాళ్లతో తెలుసు, ఏ పెట్టె ఎక్కితే దిగగానే ఎదురుగా మెట్లొస్తాయో కూడా తెలుసు, కానీ లైన్ పేరేంటి, చివరి స్టేషన్ ఏంటి అంటే ఒక్క క్షణం ఆగి "అదే, అటు పోయి, కిందకి దిగి, మళ్లీ ఇటు" అని చెయ్యి ఊపుతారు. ఆ చెయ్యి ఊపడంలో అబద్ధం లేదు, వాళ్ల బుర్రలో దారి అలాగే ఉంది మరి. ఇంత చిక్కుముడిని మనిషి కళ్లతో విప్పుకోగలడా అనే లెక్క కూడా వేశారు. 2016లో ప్రపంచంలోని 15 పెద్ద మెట్రో నెట్‌వర్కుల మీద చేసిన పరిశోధనలో, మ్యాప్ మీద లైన్లు కలిసే చోట్లు సుమారు 250 దాటితే మామూలు మనిషి చూసి దారి వెతుక్కోగల హద్దు దాటినట్టే అని తేలింది, మెట్రోకి బస్సులు కూడా కలిపితే న్యూయార్క్, పారిస్, టోక్యో ఆ హద్దుని ఎప్పుడో దాటేశాయి. ఫోన్ యాప్ లేకుండా తిరగలేకపోతున్నాం అని సిగ్గుపడే పనేం లేదన్నమాట.

కొన్ని సిటీలు మాత్రం ఇది మనిషి సమస్య కాదు మన సమస్య అని గుర్తించి బుర్ర పెట్టాయి. మెక్సికో సిటీ మెట్రో 1969లో మొదలైనప్పుడు చదవడం రానివాళ్లు చాలామంది ఉండేవాళ్లు, అందుకే డిజైనర్ లాన్స్ వైమన్ బృందం ప్రతి స్టేషన్‌కీ ఒక బొమ్మ గీసింది, చపుల్తెపెక్‌కి మిడత, అలా. అప్పుడు అక్కడివాళ్ల కోసం చేసింది ఇప్పుడు బయటివాళ్లకి వరం, ఎందుకంటే తెలియని లిపి ముందు ఎన్ని డిగ్రీలున్నా నిరక్షరాస్యులమే, మిడత మాత్రం ఎవరికైనా మిడతే. మాస్కోలో రైలు ఊరి మధ్యకి పోతుంటే అనౌన్స్‌మెంట్ మగ గొంతులో, బయటికి పోతుంటే ఆడ గొంతులో వస్తుంది, వలయం లైన్‌లో అయితే ముల్లు వైపు తిరిగే రైల్లో మగ గొంతు, ఎదురు తిరిగే రైల్లో ఆడ గొంతు. రష్యన్ ఒక్క ముక్క రాకపోయినా తప్పు రైలెక్కానని గొంతు విని కనిపెట్టొచ్చు, ఇంత సింపుల్ ఐడియా మిగతావాళ్లకి ఎందుకు తట్టలేదో. ఢిల్లీ మెట్రోలో లైన్ మారే చోట నేల మీద లైన్ రంగులో పాదాల గుర్తులు వేశారు, తల ఎత్తకుండా వాటి మీద అడుగులేసుకుంటూ పోవచ్చు.

అన్నిటికంటే పనికొచ్చింది టోక్యో 2004లో మొదలుపెట్టిన నంబర్లు. గింజా లైన్‌లో షిబుయా జి-01, గింజా జి-09, అసకుసా జి-19. పేరు చదవక్కర్లేదు, పలకక్కర్లేదు, ఎక్కాక వచ్చే మొదటి స్టేషన్‌లో నంబర్ పెరిగిందా తగ్గిందా చూసుకుంటే కరెక్ట్ వైపు పోతున్నామో లేదో తేలిపోతుంది, ఇంకా ఎన్ని స్టేషన్లున్నాయో తీసివేత చేస్తే వచ్చేస్తుంది. ప్రయాణికుడి ప్రశ్నకి నేరుగా జవాబు చెప్పే పద్ధతి ఇది.

అయితే నంబర్లు రైలు దిగేదాకానే. దిగాక ఇంకో పరీక్ష ఉంది, ఎగ్జిట్. షింజుకు స్టేషన్‌కి 200 పైగా ఎగ్జిట్లున్నాయి, తప్పు దాంట్లోంచి బయటికొస్తే ఎదురుగా కనిపించే బిల్డింగ్‌కి చేరడానికి కూడా పట్టాల అవతలికి చుట్టు తిరిగి రావాలి. సియోల్‌లో అయితే ఫలానా స్టేషన్ 10వ ఎగ్జిట్ దగ్గర కలుద్దాం అని ఎగ్జిట్ నంబర్‌నే అడ్రస్‌లా చెప్పుకుంటారు, అది మంచి పద్ధతి, స్టేషన్ పేరుతో పాటు ఎగ్జిట్ నంబర్ కూడా ముందే రాసుకుని బయల్దేరినవాళ్లకి సగం తలనొప్పి తగ్గుతుంది. గోడ మీద "మీరు ఇక్కడ ఉన్నారు" అని ఉండే మ్యాపులు ఉన్నాయి కదా అంటే, వాటితో జాగ్రత్త. మ్యాప్‌లో పైన ఉన్నది మన ఎదురుగా ఉన్నది అయితేనే అది పనిచేస్తుంది, ఏ గోడ ఖాళీగా ఉంటే ఆ గోడకి తగిలించేస్తే అందులో పైన ఉన్నది నిజానికి మన వెనక ఉండొచ్చు. ఇలా తిరగేసి పెట్టిన మ్యాప్ చూసినవాళ్లు తప్పు వైపు బయల్దేరిపోతారని మార్విన్ లెవీన్ అనే సైకాలజిస్ట్ 1980ల్లోనే ప్రయోగాలు చేసి చూపించాడు, ఇప్పటికీ అలా తగిలిస్తూనే ఉన్నారు.

ఫోన్ తీస్తే? శాటిలైట్ సిగ్నల్ నేల కిందకి రాదు, పైకొచ్చాక కూడా ఎత్తైన బిల్డింగుల మధ్య అది గోడల్ని తాకి తాకి వస్తుంది కాబట్టి నీలం చుక్క కాసేపు పక్క వీధిలో తిరుగుతుంది, దిక్సూచి బాణం చుట్టూ ఉన్న ఇనుముకి బెదిరి గిరగిరా తిరుగుతుంది. సరిగ్గా మనిషికి ఎక్కువ అవసరమైన ఆ ఒక్క నిమిషంలోనే ఫోన్‌కీ ఏమీ తెలియదు. పైగా మెట్లు రెండు మూడు సార్లు మలుపు తిరిగి పైకొస్తాయి, కిందున్నప్పుడు మిగిలిన కాస్త దిక్కు కూడా ఆ మలుపుల్లో కలిసిపోతుంది.

మాన్‌హాటన్‌లో ఇలా బయటపడ్డప్పుడు కొత్తవాళ్లూ పాతవాళ్లూ చేసే పని ఒకటే. ఏదో ఒక వైపుకి, తెలిసినట్టే మొహం పెట్టి, ఒక వీధి నడుస్తారు. మూల మీద బోర్డు చూస్తారు. వెళ్లాల్సింది పై నంబర్‌కి అయి, ఇందాక 23 ఉన్నచోట ఇప్పుడు 22 కనిపిస్తే, ఫోన్‌లో ఏదో మర్చిపోయిన పని గుర్తొచ్చినట్టు ఒకసారి చూసుకుని, వెనక్కి తిరుగుతారు.